పాడుబడ్డ గుళ్ల మధ్య నిలబడ్డ ఈవిడ ఎవరు? హాల్లో పెట్టుకోవచ్చా?

గోదారిగట్టు
మేముండేది లెస్టర్‌లో. పోయిన శనివారం ఇక్కడొక ఛారిటీ షాపులో 6 పౌండ్లకి పాత ప్రింటు ఒకటి కొన్నాను, చెక్క ఫ్రేముతో సహా. ఎడమ పక్క మూడు పొడుగాటి స్తంభాలు, వాటి మీద సగం విరిగిన దూలం, దాని మీద గడ్డి మొలిచి ఉంటుంది. వెనకాల కోసుగా ఒక పిరమిడ్. కుడి పక్క దూరంగా చుట్టూ మెలికలు తిరిగిన శిల్పాలతో ఒంటి స్తంభం. ముందు ఒక విరిగిన రాతిపలక మీద ఒకావిడ నిలబడి ఉంది. తలకి పాగా లాంటి గుడ్డ, నీలం రంగు పైవస్త్రం, ఒక చెయ్యి ఆకాశం వైపు. చుట్టూ ఏడుగురు జనం, అందులో ఒకడు శిరస్త్రాణం పెట్టుకున్న సైనికుడు. వెనక అట్ట మీద ‘పానీనీ బొమ్మను చూసి’ అని, కింద ‘శిథిలాలు, సిబిల్’ అని ఉంది. మిగతా కాగితం చిరిగిపోయింది.

నాకు బాగా నచ్చింది. కానీ మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. చూడగానే “దీపం పెట్టే ఇంట్లో పాడుబడ్డ కొంపల బొమ్మేంటమ్మా” అన్నారు. అప్పటినుంచి అది సోఫా వెనక గోడకి తిరిగి కూర్చుంది.

మావారిది ఇంకో గొడవ. సిబిల్ అంటే రోమ్‌లో రాజులున్న కాలం నాటి జోస్యం చెప్పే మనిషట. ఆ పిరమిడ్ ఏమో తర్వాత ఎప్పుడో కట్టిందట. “ఇంకా కట్టని కట్టడం ముందు, అదీ కూలిపోయాక, ఈవిడ ఎలా నిలబడింది? వేసినవాడికి చరిత్ర రాదు” అంటారు. ఎవరైనా చెప్తారా?

టింకూ_77
పాణిని వ్యాకరణం మానేసి బొమ్మలెప్పుడు మొదలెట్టాడు?

బాలు_మెకానికల్
నాకు పానీనీ అంటే జున్ను వేసి నొక్కిన శాండ్‌విచ్ ఒక్కటే తెలుసు. కానీ మీవారి పాయింటు కరెక్టు.

కుంచె_కాగితం
శాండ్‌విచ్ కాదు నాయనా. జొవాన్నీ పాఓలో పానీనీ. 1691లో పియాచెంజాలో పుట్టి 1711లో రోమ్ చేరాడు, 1765లో అక్కడే పోయాడు. మొదట నేర్చింది నాటకాల తెరలు, రంగస్థలం సెట్టింగులు వేసే పని. అది తెలిస్తే మీ బొమ్మ సగం అర్థమవుతుంది. నేను పదకొండేళ్లు సినిమా సెట్లకి బ్యాక్‌డ్రాప్‌లు వేశాను, అందుకే ఆయనంటే నాకు పక్షపాతం. ముందు ఒక పక్కన పెద్ద స్తంభాలతో చీకటి, మధ్యలో వెలుతురు, ఆ వెలుతుర్లో మనిషి, వెనక దూరం వెళ్లేకొద్దీ పొగమంచు. మేమూ అలాగే వేసేవాళ్లం.

చరిత్ర రాకపోవడం కాదు. ఈ తరహా బొమ్మని ‘కాప్రిచ్చో’ అంటారు. ఊహా చిత్రం. నిజంగా ఉన్న కట్టడాలనే తీసుకుని, నిజంగా లేని చోట పక్కపక్కన పెడతారు. మీరు చెప్పినదాన్ని బట్టి పిరమిడ్ రోమ్‌లోని సెస్టియస్ సమాధి. మెలికల స్తంభం ట్రాజన్ చక్రవర్తిది. మూడు స్తంభాలు ఫోరంలో, అంటే పాత రోమ్ నడిబొడ్డు మైదానంలో, మిగిలిన కాస్టర్, పోలక్స్ అనే దేవతల గుడివి కావచ్చు. మూడింటినీ ఒకే చూపులో చూడగలిగే చోటు రోమ్‌లో లేదు.

ఎందుకు కలిపాడంటే కొనేవాళ్ల కోసం. అప్పట్లో ఇంగ్లండు జమీందార్ల పిల్లలు చదువయ్యాక ఇటలీ యాత్రకి వెళ్లేవాళ్లు. వెళ్తూ వెళ్తూ ఒక బొమ్మ కొనుక్కెళ్లేవాళ్లు. ఒకే బొమ్మలో నాలుగు చూడదగ్గ చోట్లు ఉంటే డబ్బు గిట్టుబాటు అయినట్టే కదా.

రైల్వే_రాఘవ
అంటే తిరపతి, కాళహస్తి, కాణిపాకం ఒకే ఫ్రేములో ఉండే ఫొటో. మా ఇంట్లో కూడా ఉంది.

కుంచె_కాగితం
@రైల్వే_రాఘవ నవ్వొచ్చింది కానీ, అంతే.

బాలు_మెకానికల్
మ్యాపు తీసి కొలిచాను. పిరమిడ్‌కీ ట్రాజన్ స్తంభానికీ మధ్య రెండు కిలోమీటర్ల పైన ఉంది. ఇంకోటి. పిరమిడ్ ఎత్తు సుమారు 36 మీటర్లు. స్తంభం, పీఠంతో కలిపి సుమారు 35. దాదాపు సమానం. గోదారిగట్టు గారూ, స్కేలు పెట్టి రెండూ ఎంతెంత ఉన్నాయో చెప్పగలరా?

గోదారిగట్టు
పిరమిడ్ 9 సెంటీమీటర్లు. స్తంభం 7, కానీ పై భాగం ఫ్రేము లోపలి అట్ట కింద దాక్కుంది. అత్తగారు “ఇప్పుడు దాన్ని కొలుస్తున్నావా కూడా” అన్నారు.

వాస్తు_వెంకట్
ఎవరూ అసలు ప్రశ్నకి జవాబు చెప్పలేదు. శిథిలాలు, ఎండిన చెట్లు, మునిగే ఓడ, ఏడ్చే పిల్ల, ఇవి ఇంట్లో పెట్టకూడదు. నైరుతిలో అసలే కూడదు. మీ మంచికే చెప్తున్నా.

టింకూ_77
లెస్టర్‌లో నైరుతి గోడ అంటే పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ. సగం దోషం వాళ్లకి.

నిర్వాహకుడు
వాస్తు చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ బొమ్మ గురించి మాట్లాడండి.

పాతపుస్తకం
సిబిల్ అనేది ఒక మనిషి పేరు కాదు. అది పదవి పేరు అనుకోండి. వర్రో అనే రోమన్ పండితుడు పదిమంది సిబిల్‌లని లెక్క కట్టాడు. పర్షియా, లిబియా, డెల్ఫీ, ఎరిత్రే, తివోలీ ఇలా ఒక్కో చోటికి ఒక్కతె. అందరిలోకీ పేరున్నది నేపుల్స్ దగ్గర కూమే అనే ఊరి సిబిల్. ఆవిడ కథలు మూడున్నాయి, మూడూ వేరు వేరు.

మొదటిది రాజు కథ. ఒక ముసలావిడ రోమ్ రాజు తార్క్వినియస్ దగ్గరికి తొమ్మిది తాళపత్ర గ్రంథాల లాంటివి తెచ్చి ధర చెప్పింది. రాజు నవ్వాడు. ఆవిడ మూడు కాల్చేసి, మిగతా ఆరింటికీ అదే ధర అంది. మళ్లీ నవ్వాడు. ఇంకో మూడు కాల్చింది. ఆఖరి మూడింటికీ మొదట చెప్పిన ధరే ఇచ్చి కొన్నాడు. అవి జూపిటర్ గుళ్లో దాచారు. దేశానికి ఆపద వస్తే తీసి చూసేవాళ్లు. క్రీ.పూ. 83లో గుడితో పాటు కాలిపోయాయి.

రెండోది, గ్రీకులు ట్రాయ్ నగరాన్ని కూల్చాక అక్కణ్నుంచి పారిపోయి వచ్చిన వీరుడు ఈనియాస్‌ని ఆవిడే పాతాళానికి తీసుకెళ్లి తిరిగి తెచ్చింది. జోస్యాన్ని ఆకుల మీద రాసి పెట్టేదట. తలుపు తెరిస్తే గాలికి చెదిరిపోయేవి. ఆవిడ మళ్లీ వరసగా పేర్చేది కాదు.

మూడోది నాకు బాగా ఇష్టం. అపోలో అనే దేవుడు ఆవిడ మీద మనసు పడి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆవిడ గుప్పెడు దుమ్ము తీసి, ఇందులో ఎన్ని రేణువులుంటే అన్నేళ్లు బతకాలి అంది. వెయ్యి ఉన్నాయి. ఇచ్చాడు. కానీ వయసు నిలవాలని అడగడం మర్చిపోయింది. తనని కాదనకపోతే అదీ ఇస్తానన్నాడు అపోలో. ఆవిడ కాదంది. ఈనియాస్‌కి ఈ కథ చెప్పేటప్పటికి 700 ఏళ్లు గడిచాయి, ఇంకా 300 మిగిలి ఉన్నాయి. ఒళ్లు కుంచించుకుపోయి, కంటికి కనపడకుండా పోయి, చివరికి గొంతు ఒక్కటే మిగులుతుంది అని తనే చెప్పుకుంటుంది. ఓవిడ్ అనే రోమన్ కవి రాశాడు ఇది.

సీతాకోక
గుప్పెడు దుమ్ము కథ చదివి ఆఫీసులో టీ చల్లారిపోయింది. అడిగేది పూర్తిగా అడగాలి బాబూ. మా అక్క బంగారం అడిగి తరుగు అడగడం మర్చిపోయినట్టు.

రైల్వే_రాఘవ
మనకి ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం చెప్తారు చూడండి, పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి. ఇక్కడ రాయి, అక్కడ కుండ. నాకు బొమ్మ వర్ణన చదవగానే అదే గుర్తొచ్చింది.

పాతపుస్తకం
పోలిక సగం దాకా బాగానే ఉంది. రంగంలో అమ్మవారు పూనుతుంది, మాట అమ్మవారిది. ఈనియాస్ కథ రాసిన రోమన్ కవి వర్జిల్ చెప్పిన సిబిల్‌కి కూడా అపోలో పూనుతాడు, ఆవిడ గింజుకుంటుంది. కానీ రంగం ప్రతి ఏడూ వస్తుంది, జనం అడుగుతారు, అమ్మ జవాబిస్తుంది. రోమన్లు సిబిల్‌ని కాక ఆవిడ పుస్తకాలని అడిగేవాళ్లు, అదీ ప్రభుత్వం చెప్తేనే, అధికారులు తలుపులేసుకుని. జనానికి చూపించేవాళ్లు కాదు. పానీనీ బొమ్మలో లాగా ఆరుబయట జనాన్ని పోగేసి చెప్పడం కథల్లో పెద్దగా లేదు.

కుంచె_కాగితం
పాతపుస్తకం గారు మంచి చోట పట్టుకున్నారు. ఆ ఆరుబయట ఉపన్యాసం సిబిల్ కథలోది కాదు, అది క్రైస్తవ ప్రచారకుల బొమ్మల్లోది. పానీనీ ఇదే శిథిలాల అమరికలో ఒక్కోసారి ఉపన్యాసం చెప్పే అపోస్తలుణ్ని పెట్టాడు, ఒక్కోసారి సిబిల్‌ని. రాతిపలక అదే, చెయ్యెత్తడం అదే, చుట్టూ జనం అదే. మనుషుల భంగిమలు ముందే స్కెచ్చుల్లో గీసి పెట్టుకునేవాడు, అవసరమైనచోట వాడుకునేవాడు. మా దగ్గర గుంపు సీన్‌కి జూనియర్ ఆర్టిస్టులు అదే చీరతో మూడు సినిమాల్లో కనిపించినట్టు.

బాలు_మెకానికల్
మరి ఈవిడ సిబిల్ అని ఎలా తెలుస్తుంది? వెనక అట్ట మీద ఎవరో రాశారని నమ్మాలా?

కుంచె_కాగితం
తలపాగా. తూర్పు దేశపు మనిషి అని చూపడానికి బరోక్ అనే 1600ల నాటి ఆడంబరమైన శైలి చిత్రకారులు సిబిల్‌కి పాగా చుట్టేవాళ్లు. రోమ్‌లోని బోర్గేసే గ్యాలరీలో డొమెనికీనో వేసిన కూమే సిబిల్ ఉంది, 1617 నాటిది. తలకి చక్కటి పాగా, చేతిలో కాగితం చుట్ట, కళ్లు పైకి. ఎంత బాగుంటుందంటే, ఆవిడ జోస్యం చెప్పేదానిలా ఉండదు, పాట ఎత్తుకోబోతున్న గాయనిలా ఉంటుంది. గ్వెర్చీనో 1647లో వేసిన పర్షియా సిబిల్ అదే ఊళ్లో కాపిటోలైన్ మ్యూజియంలో ఉంది. ఆవిడ చెంపకి చెయ్యి ఆనించి, కలం పట్టుకుని, పుస్తకం ముందు కూర్చుని ఉంటుంది. ఎడిటర్ ఫోన్ కోసం ఎదురు చూస్తున్నట్టు.

మీ ప్రింటులో ఆవిడ దగ్గర పుస్తకమో, చుట్టో ఉందా?

గోదారిగట్టు
కాళ్ల దగ్గర ఏదో తెల్లగా ఉంది. కాగితమో, విరిగిన చలవరాయో తెలియడం లేదు. ప్రింటు మరీ అంత బాగోలేదు.

లక్ష్మీ_లండన్
అక్కా, మీకు దగ్గరే కదా, ఒకసారి లండన్ రండి. మాంచెస్టర్ స్క్వేర్‌లో వాలెస్ కలెక్షన్ ఉంది, ప్రవేశం ఉచితం. అక్కడ సాల్వతోర్ రోజా వేసిన అపోలో, కూమే సిబిల్ బొమ్మ ఉంది, 1650లలో వేసింది. గోడంత బొమ్మ. ఏటి ఒడ్డున అపోలో చెట్టు మొద్దు మీద వీణ లాంటి వాద్యంతో కూర్చుని ఉంటాడు, ఆవిడ ఎదురుగా నిలబడి గుప్పిట చూపిస్తుంది. ఆ గుప్పెడు దుమ్ము ఘట్టమే. కానీ బొమ్మలో ఎక్కువ భాగం నల్లటి కొండరాళ్లు, గాలికి ఒరిగిన చెట్లు. మనుషులు చిన్నగా ఉంటారు. నేను మొదటిసారి చూసినప్పుడు కథ తెలియదు, ఎవరో పిక్నిక్‌కి వచ్చారనుకున్నాను. ఇప్పుడు పాతపుస్తకం గారి పోస్టు చదివాక మళ్లీ వెళ్లాలనిపిస్తోంది.

నేపుల్స్_నాని
నేను నిజంగా కూమేకి వెళ్లొచ్చాను. నేపుల్స్‌లో రెండేళ్లు ఓడల కంపెనీ పని మీద ఉన్నా. ఊరికి పడమరగా ఇరవై కిలోమీటర్లు. ఇటలీ ప్రధాన భూభాగం మీద గ్రీకులు కట్టుకున్న మొదటి ఊళ్లలో ఒకటి, క్రీ.పూ. 8వ శతాబ్దం. కొండ కింద ఒక సొరంగం ఉంది. 131 మీటర్ల పొడుగు. గోడలు కింద నిట్టనిలువుగా ఉండి పైకెళ్లేకొద్దీ లోపలికి వాలతాయి. ఒక పక్క వరసగా కిటికీల్లాంటి దారులు, అందులోంచి పట్టీలు పట్టీలుగా ఎండ పడుతుంది. అమెదేయో మైయూరి అనే పురావస్తు శాస్త్రవేత్త 1932లో దీన్ని తవ్వి, సిబిల్ గుహ ఇదే అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది, ఇది సైన్యం కోసం తవ్విన దారి, సిబిల్‌కీ దీనికీ సంబంధం లేదు అన్నారు.

నేను వెళ్లినరోజు మధ్యాహ్నం. ఎవరూ లేరు. చివర గదిలో నిలబడి “ప్రమోషన్ వస్తుందా” అని గట్టిగా అడిగాను. నా గొంతే తిరిగొచ్చింది.

టింకూ_77
వచ్చిందా?

నేపుల్స్_నాని
గొంతా? ప్రమోషనా? గొంతు వచ్చింది.

అసలు ఆ ప్రాంతమే విచిత్రం. నేల ఊపిరి పీలుస్తున్నట్టు పైకి లేస్తుంది, కిందికి కుంగుతుంది. కింద అగ్నిపర్వతం. 1538లో వారం రోజుల్లో ఒక కొత్త కొండే లేచింది, దాని పేరు కూడా కొత్త కొండ అనే, మోంతే నువోవో. పక్కనే బాయా అని రోమన్ ధనవంతుల విడిది ఊరు. అందులో సగం ఇప్పుడు సముద్రం కింద ఉంది. గాజు అడుగు పడవలో చూపిస్తారు. శిథిలాలూ సిబిలూ కలవాలంటే రోమ్ కన్నా ఆ ఊరే న్యాయం.

పాతపుస్తకం
బాయా అంటే టర్నర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి బొమ్మ గుర్తొచ్చింది. బరోక్ కాదు, 1823. బాయా తీరం, అపోలో, సిబిల్. ఇప్పుడు లండన్‌లో టేట్ గ్యాలరీలో ఉంది. దాని మీద ఒక కథ ఉంది. జార్జ్ జోన్స్ అనే స్నేహితుడు, బాయా చూసొచ్చిన మనిషి ఒకడు ఈ బొమ్మలో సగం అబద్ధం అన్నాడని విని, ఫ్రేము మీద లాటిన్‌లో ‘అద్భుతమైన అబద్ధాలకోరు’ అని రాశాడట. టర్నర్‌కి కోపం రాకపోగా నవ్వాడు. ఆ రాత చాలా కాలం ఫ్రేము మీద అలాగే ఉంచుకున్నాడంటారు. గోదారిగట్టు గారి ఆయనకి చూపించండి.

గోదారిగట్టు
చూపించాను. “అబద్ధమని ఒప్పుకున్నాడుగా” అన్నారు. మా ఇంట్లో ఇద్దరు జడ్జీలు.

బాలు_మెకానికల్
నేనూ అదే పక్షం. ఇప్పుడు తేదీలు పెడతాను, తప్పయితే చెప్పండి.

తార్క్వినియస్ రాజు కాలం, సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 534 నుంచి 509. పిరమిడ్ కట్టింది క్రీ.పూ. 18కీ 12కీ మధ్య. ట్రాజన్ స్తంభం క్రీ.శ. 113. అంటే సిబిల్ పుస్తకాలు అమ్మిన 600 ఏళ్లకి ఆ స్తంభం లేచింది. అన్నట్టు, ఆ పిరమిడ్‌ని 330 రోజుల్లో పూర్తి చేశామని దాని మీదే చెక్కి ఉంది. మా అపార్టుమెంటు 330 రోజుల్లో పునాది దాటలేదు.

కుంచె_కాగితం
తేదీలు సరే. కానీ ఆవిడకి వెయ్యేళ్ల ఆయుష్షు ఉంది కదా. మామూలు మనిషికి వర్తించే లెక్క ఆవిడకి వర్తించదు. కట్టడాలు లేవడం, కూలడం చూసేంత కాలం బతికిన మనిషిని శిథిలాల మధ్య నిలబెట్టడం కన్నా సరైన చోటు ఏముంది?

బాలు_మెకానికల్
అదీ లెక్కేశాను. గ్రీకు పండితుల లెక్కలో ట్రాయ్ పడింది క్రీ.పూ. 1184. ఈనియాస్‌ని కలిసేటప్పటికి 700 అయిపోయి 300 మిగిలాయి అన్నారు పాతపుస్తకం గారు. 1184లోంచి 300 తీసేస్తే 884. ఈనియాస్ రావడానికి ఓ ఏడెనిమిదేళ్లు పట్టిందనుకున్నా 875 చుట్టుపక్కల. రోమ్ స్థాపనే 753. అంటే ఆవిడ రోమ్ పుట్టకముందే గొంతు మాత్రమే మిగిలి, అదీ ఆగిపోవాలి. తార్క్వినియస్‌కి పుస్తకాలు అమ్మింది ఎవరు?

సీతాకోక
బాలు గారూ, మీరు సెలవుల్లో ఏం చేస్తారు?

పాతపుస్తకం
ఒప్పుకుంటున్నా, లెక్క కుదరదు. ఈ మూడు కథలూ ఒకే మనిషివి అనుకున్నప్పుడే ఇబ్బంది. ఎవరి కాలంలో వాళ్లకి ఒక సిబిల్ కావలసి వచ్చింది. అందుకే వర్రోకి పదిమంది అవసరం పడ్డారు.

కుంచె_కాగితం
సరే, ఆయుష్షు వాదన వదిలేస్తున్నా. ఇంకోటి చెప్తాను. ఆవిడ జోస్యం చెప్పే మనిషి. రోమ్ ఎంత ఎత్తుకి లేస్తుందో, ఎలా కూలుతుందో చెప్తోంది. ఆవిడ చెప్తున్నది జనానికి వినపడుతోంది, మనకి వెనకాల కనపడుతోంది. మాట ముందు, దాని అర్థం వెనక. సినిమాలో పాత్ర కథ చెప్తుంటే వెనకాల దృశ్యం మారుతుంది చూడండి, అలాగ.

బాలు_మెకానికల్
బాగుంది. కానీ గోదారిగట్టు గారూ, ఆ ఏడుగురు దేని మీద కూర్చున్నారు?

గోదారిగట్టు
ఇద్దరు విరిగిన స్తంభం ముక్క మీద. ఒకావిడ పూలు చెక్కిన స్తంభం తల మీద చంకలో పిల్లాణ్ని పెట్టుకుని. మిగతావాళ్లు నిలబడ్డారు.

బాలు_మెకానికల్
మరి శిథిలాలు ఇంకా రాని భవిష్యత్తు అయితే వాళ్లు వాటి మీద ఎలా కూర్చుంటారు? వాళ్లకీ అవి కూలిపోయే ఉన్నాయి.

కుంచె_కాగితం
...

అది నిజమే. నా వాదనకి అదొక పెద్ద చిల్లు. రాత్రంతా ఆలోచిస్తాను.

రైల్వే_రాఘవ
ఈ థ్రెడ్‌లో మొదటిసారి ఒకరు ఓడిపోయానని ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

ఉష_వర్జీనియా
ఆలస్యంగా వస్తున్నా. వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీలో పానీనీ వేసిన పాంథియన్ (రోమ్‌లోని పాత గుడి) లోపలి దృశ్యం ఉంది, 1734 ప్రాంతంలోది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. పైన గుండ్రటి కంతలోంచి ఎండ వచ్చి గోడ మీద గుండ్రంగా పడి ఉంటుంది. కింద జనం ఎవరి పనిలో వాళ్లు. ఇద్దరు కబుర్లు, ఒకరు మోకరిల్లి ప్రార్థన, ఎవరో పైకి చెయ్యి చూపిస్తూ. ఆయనకి కట్టడం పక్కన మనుషులు అలా మామూలుగా ఉండడం ఇష్టం అనిపించింది. కుంచె_కాగితం గారూ, మీ చిల్లుకి ఇది పనికొస్తుందేమో. ఆయన కళ్ల ముందున్న రోమ్‌లో శిథిలాలు కొత్త సంగతి కాదు కదా. జనం వాటి మీద కూర్చునే ఉండేవాళ్లు.

కుంచె_కాగితం
పనికొచ్చింది ఉష గారూ. పానీనీ కాలంలో రోమన్ ఫోరం పేరు కాంపో వచ్చీనో, అంటే ఆవుల మైదానం. స్తంభాలు సగం దాకా మట్టిలో పూడిపోయి, మధ్యలో ఆవులు మేసేవి, పశువుల సంత జరిగేది. పద్ధతిగా తవ్వకాలు మొదలైంది 1800 తర్వాతే. మా ఊళ్లో చెరువు గట్టున తల లేని నంది ఉండేది, మేం దాని వీపు మీద కూర్చుని జామకాయలు తినేవాళ్లం. అది ఏ కాలంది అని ఎవరం అడగలేదు.

కాబట్టి ఇలా అనుకుందాం. ఆ జనం పానీనీ ఎరిగిన రోమ్ జనం, బట్టలు మాత్రం పాతవి వేశాడు. వాళ్ల మధ్యలోకి రెండు వేల ఏళ్ల కిందటి మనిషిని దింపాడు. కాలం తప్పింది కట్టడాలది కాదు, ఆవిడది.

బాలు_మెకానికల్
ఇది ఒప్పుకుంటాను. అయినా తప్పు తప్పే.

లక్ష్మీ_లండన్
ఒక సందేహం. క్రైస్తవుల దేశంలో ఈ పరాయి మతపు సోదమ్మని ఇంత నెత్తిన పెట్టుకున్నారేంటి? సిస్టీన్ చాపెల్ కప్పు మీద కూడా ఉన్నారు కదా, పోప్ ఇంట్లో.

పాతపుస్తకం
ఉన్నారు. మికెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన ఆ కప్పు మీద ఏడుగురు ప్రవక్తలతో పాటు ఐదుగురు సిబిల్‌లు. క్రీస్తు పుట్టుకని వాళ్లు ముందే చెప్పారని మధ్యయుగంలో నమ్మారు. తివోలీ సిబిల్ అగస్టస్ చక్రవర్తికి ఆకాశంలో తల్లీబిడ్డని చూపించిందని కథ. ఆ చూపించిన చోటే అని రోమ్‌లో కాపిటోల్ కొండ మీద ఒక చర్చి ఉంది, సాంతా మరియా ఇన్ అరాచేలి. అలా ఒక పాస్ దొరికింది వాళ్లకి, చర్చిలోకి రావడానికి.

వాస్తు_వెంకట్
నిర్వాహకుడు గారు కోప్పడినా ఒక్క మాట. నేను కొంచెం చదివాను ఈ రెండు రోజులు. ఆ పిరమిడ్ కూలిపోలేదు. ఆరేలియన్ చక్రవర్తి కట్టించిన ఊరి గోడల్లో కలిపి కట్టేశారు కాబట్టి చెక్కుచెదరకుండా ఇప్పటికీ ఉంది. ట్రాజన్ స్తంభం కూడా నిలబడే ఉంది. కాబట్టి బొమ్మలో నిజమైన శిథిలం ఆ మూడు స్తంభాలే. దోషం మూడో వంతే.

టింకూ_77
వెంకట్ గారూ, మీకో పాగా చుట్టాలి.

బాలు_మెకానికల్
వెంకట్ అన్న చెప్పిన స్తంభం మీద నాకింకో అనుమానం. దాని పైన మొదట ట్రాజన్ విగ్రహం ఉండేది, అది మధ్యయుగంలో ఎటో పోయింది. 1587లో పోప్ ఐదవ సిక్స్టస్ అక్కడ సెయింట్ పీటర్ కంచు విగ్రహం పెట్టించాడు, చేతిలో తాళంచెవులతో. పానీనీ రోజూ చూసిన స్తంభం అదే. మరి సిబిల్ కథ బొమ్మలో పీటర్‌ని ఉంచాడా, తీసేశాడా, ట్రాజన్‌ని తిరిగి పెట్టాడా? గోదారిగట్టు గారి ప్రింటులో ఆ ముక్కే అట్ట కింద ఉందట! ఇది తేలితే వేసినవాడు కాలం గురించి ఆలోచించాడో లేదో కొంచెం తేలుతుంది.

కుంచె_కాగితం
మంచి ప్రశ్న. అయితే ‘పానీనీ బొమ్మను చూసి’ అంటే ఆయన బొమ్మకి ఎవరో చేసిన నకలు. ఆ నకలు చేసినవాడు మార్చి ఉండొచ్చు. ఆశలు మరీ పెట్టుకోకండి.

సీతాకోక
ఫ్రేము విప్పండి విప్పండి

గోదారిగట్టు
రెండు రోజులు రాలేకపోయాను, పిల్లకి జ్వరం. ఇప్పుడు తగ్గింది.

ఈ లోపల జరిగింది చెప్తాను. పిల్ల పక్కన కూర్చుని గుప్పెడు దుమ్ము కథ చెప్పాను. అత్తగారు కూడా విన్నారు. అంతా విని “వయసు అడగడం మర్చిపోయిందా పిచ్చిది” అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే లేచి సోఫా వెనక నుంచి బొమ్మ తీసి కిటికీ దగ్గర పెట్టుకుని చూశారు. ఇంతమందిమి ఇన్ని పోస్టులు రాశాం, మనకెవరికీ పట్టనిది ఆవిడకి పట్టింది. “ఆవిడ అంత చెయ్యెత్తి చెప్తుంటే వినేది ఆ ముసలాయన ఒక్కడే. ఆ సిపాయి పిల్లాడి తల్లిని చూస్తున్నాడు. ఈ ఇద్దరూ కబుర్లు. ఆ పిల్లాడు కుక్కని చూస్తున్నాడు.” నేను కుక్క ఉందని కూడా చూడలేదు. స్తంభం నీడలో పడుకుని ఉంది.

హాల్లో మాత్రం వద్దన్నారు. మెట్ల దగ్గర గోడకి సరే అన్నారు. అక్కడ మేకు కొట్టాలంటే ఇంటి ఓనర్ని అడగాలి, అది వేరే కథ.

ఉష_వర్జీనియా
కుక్కని పట్టుకున్న అత్తగారికి నమస్కారం.

కుంచె_కాగితం
సైనికుడు, పిల్లతల్లి. అవును, నాటకం సెట్టింగులో పక్క పాత్రలకి కూడా పని ఇవ్వాలి, లేకపోతే కొయ్యబొమ్మల్లా నిలబడతారు. నాకు ఇది ముందే తట్టాల్సింది.

బాలు_మెకానికల్
అన్నీ బాగున్నాయి. స్తంభం పైన?

గోదారిగట్టు
మావారు ఇప్పుడే స్క్రూడ్రైవర్‌తో వెనక మేకులు పీకారు. అట్ట తీస్తే పైన రెండు సెంటీమీటర్ల బొమ్మ అదనంగా ఉంది. ఆకాశం, రెండు పక్షులు, స్తంభం చివర.

ఎవరో ఉన్నారు.

బాలు_మెకానికల్
చేతిలో తాళంచెవులా?

గోదారిగట్టు
చేతిలో ఏదో ఉంది. గింజంత ఉన్నాడు మనిషి. మావారు ఈటె అంటున్నారు, నాకు తాళంచెవుల్లా ఉంది. ఉండండి, అత్తగారు పంచాంగం చూసే భూతద్దం తెస్తున్నారు.